అది శాపం కాదు
కేన్సరుకు వచ్చిన కొత్త మాత్రల గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



ధర్మవరం నుండి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే రైళ్ళలో మన ప్రాంతపు ప్రజలు ఎన్నో పనుల మీద వెళుతుంటారు. చీరల మూటలతో వెళ్ళేవారు, కూలిపనికి వెళ్ళేవారు, కాలేజీ పిల్లలు. వారి మధ్య పెద్ద ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకొని, ఎవరితోనూ మాట్లాడక కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు కూడా ఉంటారు. వీరిలో చాలామంది 1973లో స్థాపించబడిన కిద్వాయి కేన్సరు ఆస్పత్రికి వెళ్ళేవారు. మరికొందరు పాకాల మీదుగా కాట్పాడిలో దిగి వేలూరు వెళతారు.

ఈ మధ్య కాలంలో అలా వెళ్ళి వచ్చినవారి నోట కొత్త మాటలు వినిపిస్తున్నాయి. "బి.ఆర్.సి.ఎ. పరీక్ష రాసిచ్చినారు అయ్యగారూ", "ఓలాపరిబ్ అని ఏదో మాత్ర అంట" అని చీటీలు చూపిస్తారు. ఓ.పి.లో వందలమందిని చూడవలసిన డాక్టరుగారికి అంతా విడమరచి చెప్పే తీరిక ఉండదు. ఇంటికి వచ్చాక ఆ చీటీ పట్టుకొని సంఘకాపరి దగ్గరికి వస్తారు. నేను వైద్యుణ్ణి కాను. కాని అడిగినవారికి ఏదో ఒకటి చెప్పి పంపడం మంచిది కాదు గనుక చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి, తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న మందు ధర గురించి కాదు. ఒక తల్లికి అండాశయపు కేన్సరు. ఆమె అక్కకు పదేళ్ళ క్రితం రొమ్ము కేన్సరు. ఇప్పుడు డాక్టరుగారు "మీ కూతుళ్ళకు కూడా రక్తపరీక్ష చేయిద్దాం" అన్నారు. ఆ మాట వినగానే ఆ తల్లి అడిగింది: "మా వంశానికి ఏమైనా శాపం ఉండాదా అయ్యగారూ?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఎందుకంటే ఆ జవాబు అందులోనే ఉన్నది.

రెండు పోగుల దారం

ధర్మవరం, హిందూపురం పరిసరాల వారికి మగ్గం గురించి నేను చెప్పనక్కర లేదు. మన శరీరంలోని ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే దారం ఒకటి ఉంటుంది. అది రెండు పోగులు కలిపి పేనిన దారం వంటిది. మన కంటి రంగు మొదలుకొని ఎముకల బలం వరకు సమస్తానికీ కావలసిన సూచనలు ఆ దారంలోనే ఉన్నాయి. ఎండవలన, పొగవలన, కొన్నిసార్లు కణం తన పని తాను చేసుకోవడం వలననే కూడా ఈ దారం దెబ్బతింటూ ఉంటుంది. ఒక్కొక్క కణంలో రోజుకు వేలకొలది దెబ్బలు తగులుతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా మనం బ్రతికే ఉన్నాం. ఎందుకంటే తెగిన చోటల్లా అతికే పనివారిని దేవుడు ప్రతి కణంలోనూ ఉంచాడు.

139వ కీర్తనలో, తల్లి గర్భంలో తాను రూపించబడిన విధాన్ని గురించి దావీదు పాడిన చోట, 15వ వచనంలోని హెబ్రీ మాట రంగుదారాలతో చేసే బుటాపనికి వాడే మాట. ప్రత్యక్షగుడారపు తెరల పనికి కూడా అదే మాట. బైబిలు కళాశాలలో ఈ సంగతి విన్నప్పుడు నాకు వెంటనే ధర్మవరపు చీర అంచు గుర్తుకు వచ్చింది. అది వేరే సంగతి.

దారంలో ఒక పోగు మాత్రమే తెగితే దాన్ని కనిపెట్టి అక్కడికి పరుగెత్తే పనివాని పేరు పార్ప్. అది ఒక రకమైన ఎంజైము. తెగిన చోట కూర్చొని, అతికేవారిని పిలిచి, పని అయ్యాక లేచిపోతుంది. దీని జాడ మొదట 1963లో ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బర్గు పట్టణంలో పాల్ మండెల్ అనే శాస్త్రజ్ఞుని బృందానికి దొరికింది. రెండు పోగులూ కలిసి ఒకేచోట తెగితే అది పెద్ద ప్రమాదం. దాన్ని తప్పు లేకుండా అతకాలంటే పని బాగా తెలిసిన పెద్ద పనివారు కావాలి. ఆ పెద్ద పనివారిలో ఇద్దరి పేర్లు బి.ఆర్.సి.ఎ. ఒకటి, బి.ఆర్.సి.ఎ. రెండు. మొదటిది 17వ క్రోమోజోములో ఉన్నదని 1990లో అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే స్త్రీ శాస్త్రజ్ఞురాలు చూపించింది. 1994లో మొదటి జన్యువునూ, 1995లో రెండవ జన్యువునూ గుర్తించారు.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. కొన్ని కుటుంబాలలో బి.ఆర్.సి.ఎ. ప్రతి ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. రెండవది బాగున్నంతకాలం పని జరిగిపోతుంది. ఏదో ఒక కణంలో ఆ రెండవదీ చెడిపోయిన నాడు ఆ కణంలో పెద్ద పనివాడు లేనట్టే. తెగినవి తప్పుగా అతుక్కుంటూ, తప్పుల మీద తప్పులు పేరుకొని, ఆ కణం కేన్సరు కణంగా మారడానికి దారి ఏర్పడుతుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. ఒక ఇంట్లో మగ్గం పని తెలిసినవారు ఇద్దరు ఉన్నారనుకోండి. ఒకరు మంచాన పడినా రెండవవారు ఎలాగో నెట్టుకొస్తారు. ఆ రెండవవారు కూడా లేకపోతే మగ్గం ఆగిపోతుంది. కేన్సరు కణంలో బి.ఆర్.సి.ఎ. ముందే పోయింది. అది పార్ప్ మీద ఆధారపడి బ్రతుకుతున్నది. ఈ మందు వెళ్ళి ఆ పార్ప్‌ను పట్టేస్తుంది. పట్టడమే కాదు, తెగిన చోటు నుండి లేవకుండా అక్కడే బిగించేస్తుంది. కణం రెండుగా చీలడానికి దారాన్ని నకలు తీయబోయినప్పుడు ఆ బిగిసిన చోటికి వచ్చి రెండు పోగులూ తెగుతాయి. అతికే పెద్ద పనివాడు లేడు. కేన్సరు కణం చచ్చిపోతుంది.

అదే మనిషి ఒంట్లోని మంచి కణాలలో బి.ఆర్.సి.ఎ. ప్రతి ఒకటి బాగానే ఉంది కదా! అందుచేత అవి చాలావరకు తట్టుకుంటాయి. శత్రువులో ఉన్న లోపాన్నే చూసి కొట్టే మందు ఇది. మామూలు కీమోథెరపీ వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. జుట్టు రాలడం, నోరు పూయడం అందుకే.

పరిశోధన జరిగిన దారి

కేన్సరుకు మందు అన్నప్పుడు తెలుగువారు మరువకూడని పేరు ఒకటున్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తూ తన బృందంతో తయారు చేయించిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలం వెనక్కు తగ్గింది. అంతవరకు రక్తకేన్సరు వచ్చిన బిడ్డకు మందు అన్నదే లేదు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ మన ఆస్పత్రులలో వాడుతున్నారు. సుబ్బారావుగారు ఆ యేడే ఆగస్టులో మరణించారు. అది కణానికి మేత అందకుండా చేసే మందు. పార్ప్ మాత్రలు మరమ్మతు అందకుండా చేసే మందులు. ఈ రెండింటికీ మధ్య దాదాపు అరవై ఏళ్ళ శ్రమ ఉన్నది.

2005లో ఇంగ్లండులోని రెండు బృందాలు, బి.ఆర్.సి.ఎ. లేని కణాలకు పార్ప్‌ను ఆపితే అవి చనిపోతాయని ఒకేసారి ప్రకటించాయి. 2009లో 60 మంది రోగులకు ఓలాపరిబ్ ఇచ్చి చూసిన మొదటి ఫలితాలు వచ్చాయి. 2014 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అండాశయపు కేన్సరుకు దాన్ని అనుమతించింది. తరువాత రుకాపరిబ్, నిరాపరిబ్, తలజోపరిబ్ అనేవి వచ్చాయి. మన దేశంలో ఓలాపరిబ్‌కు 2018లో అనుమతి దొరికింది.

ఇది ఎంతవరకు మేలు చేస్తుంది? ముదిరిన అండాశయపు కేన్సరు కొత్తగా బయటపడి, బి.ఆర్.సి.ఎ. లోపం ఉన్న 391 మంది స్త్రీలమీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. కీమోథెరపీకి వ్యాధి లొంగిన తరువాత కొందరికి రెండేళ్ళపాటు ఓలాపరిబ్, కొందరికి మందులేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఏడేళ్ళ తరువాత చూస్తే మాత్ర తీసుకున్నవారిలో 67 శాతం సజీవులుగా ఉన్నారు. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 46.5 శాతం. ఇది మూడవ, నాలుగవ దశల జబ్బు సంగతి అని గుర్తుంచుకోండి. ఇంట్లో తల్లి ఉండడానికీ లేకపోవడానికీ ఉన్న తేడా ఇది.

ఈ లోపం ఉన్న రొమ్ము కేన్సరు, ప్రొస్టేటు గ్రంథి కేన్సరు, క్లోమం కేన్సరులలో కూడా కొన్ని దశలలో దీన్ని వాడుతున్నారు. అంటే ఇది ఆడవారి మందు మాత్రమే కాదు.

అయితే ఎవరికి పడితే వారికి పనికివచ్చే మందు కాదిది. "ఫలానా వారికి తగ్గిందంట, మాకూ రాయించండి" అని డాక్టరును ఒత్తిడి చేసేవారున్నారు. చాలా విడతల కీమోథెరపీ అయిపోయినవారికి చివర్లో ఈ మాత్రలు ఇవ్వడం వల్ల ఆయుష్షు పెరగకపోగా నష్టమే ఉండవచ్చునని తేలి, 2022లో అమెరికాలో కంపెనీలే ఆ వాడకాన్ని వెనక్కు తీసుకున్నాయి. మన పల్లెల్లో "గర్భసంచి కేన్సరు" అని ఒకే పేరుతో పిలిచేవాటిలో ఎక్కువ భాగం గర్భాశయ ముఖద్వారపు కేన్సరు. దానికి కారణం ఒక వైరసు, దాని వైద్యం వేరు. పేరు ఒకటిగా ఉన్నంతమాత్రాన మందు ఒకటి కాదు.

మాత్ర కదా అని తేలికగా తీసుకోకూడదు. సాధారణంగా ఉదయం, సాయంత్రం ఇంట్లోనే వేసుకుంటారు. వాంతివచ్చేట్టు ఉండడం, తీరని అలసట, రక్తం తగ్గిపోవడం మామూలు. అందుకే మొదటి సంవత్సరం నెలనెలా రక్తపరీక్ష చేయించాలి. కొందరికి రక్తం ఎక్కించవలసి వస్తుంది. అరుదుగా ఎముక మూలుగ దెబ్బతిని రక్తకేన్సరు కూడా రావచ్చు. గర్భిణులు వాడకూడదు. దీనితోపాటు నాటుమందులు, కషాయాలు రహస్యంగా వాడేవారు డాక్టరుకు చెప్పి తీరాలి. కొన్ని పదార్థాలు ఈ మందు రక్తంలో ఎక్కువ తక్కువలయ్యేట్టు చేస్తాయి.

ఖర్చు ఎక్కువే. ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా తయారు చేస్తున్నందున ఒకే మందు వేర్వేరు పేర్లతో వేర్వేరు ధరలకు దొరుకుతున్నది. పొలం అమ్మకముందు డాక్టరుగారిని "ఇదే మందు తక్కువ ధరలో ఏ పేరుతో వస్తుంది?" అని అడగండి. అలా అడగడం అవమానం కాదు. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అని, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అని పిలిచే పథకం కౌంటరులో కూడా విచారించండి. రైలులో వెళ్ళే కేన్సరు రోగికి స్లీపరు, థర్డ్ ఏ.సి.లలో ఛార్జీ లేదు. తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రివారు నిర్ణీత ఫారములో సర్టిఫికెట్టు ఇస్తారు. ఇన్నేళ్ళుగా ఉన్న ఈ సదుపాయం తెలియక పూర్తి టికెట్టు కొని తిరిగినవారిని నేను చూశాను.

పుల్లని ద్రాక్షలు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను.

చెడిన బి.ఆర్.సి.ఎ. ప్రతి ఒకరిలో ఉంటే వారి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా అంతే. సంక్రమించని బిడ్డ దాన్ని తరువాతి తరానికి ఇవ్వడం జరగదు. ఇక్కడ మనవారు చేసే పొరపాటు ఒకటున్నది. రొమ్ము కేన్సరు అనగానే అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మలనే లెక్కపెడతారు. తండ్రి వైపు నుండి కూడా ఇది వస్తుంది. మేనత్తకు ఏమి జబ్బు చేసింది, నాయనమ్మ ఏ వయసులో ఎందుకు పోయింది, ఇవి కూడా డాక్టరుకు చెప్పాలి. మగవానికి జబ్బు రాకపోయినా అతని ద్వారా కూతురికి చేరవచ్చు. మేనరికాల వల్ల ఈ లోపం పుడుతుందని అనుకోవద్దు. కాని దగ్గరి సంబంధాలున్న ఇళ్ళలో అదే లోపం ఇరువైపులా ఉండే అవకాశం హెచ్చు. అమ్మ నుండీ నాన్న నుండీ రెండూ చెడిన ప్రతులే బిడ్డకు చేరితే తీవ్రమైన రక్తవ్యాధితో పుట్టవచ్చు.

ఈ లోపం ఉన్న స్త్రీలందరికీ జబ్బు రాదు. ఎనభై ఏళ్ళు వచ్చేలోగా వందలో డెబ్బై మందికి రొమ్ము కేన్సరు వస్తుందని ఒక పెద్ద అధ్యయనం 2017లో లెక్క తేల్చింది. అండాశయపు కేన్సరు మొదటి రకం లోపంలో వందకు 44 మందికి, రెండవ రకంలో 17 మందికి. ఇవి పెద్ద సంఖ్యలే. అయితే రొమ్ము కేన్సరులన్నిటిలో వంశపారంపర్యంగా వచ్చేవి వందకు ఐదు నుండి పది మాత్రమే. ఇంట్లో ఒకరికి వచ్చినంతమాత్రాన అందరూ భయపడనక్కర లేదు.

ఇది శాపమా? యెహెజ్కేలు కాలంలో ఇశ్రాయేలీయులు ఒక సామెత పట్టుకొని వేళ్ళాడుతూ వచ్చారు: తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిసినవని. ఆ సామెత ఇక పలకవద్దని దేవుడే తన ప్రవక్త ద్వారా చెప్పాడు (యెహెజ్కేలు 18). పుట్టుగ్రుడ్డిని చూపించి, వీడు చేసిన పాపమా, కన్నవారు చేసిన పాపమా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండూ కాదన్నాడు (యోహాను 9). ప్రభువు కాదన్నదాన్ని మనం ఔనని చెప్పి ఒక జబ్బుమనిషి గుండెమీద రాయి పెట్టడం ఎంత ఘోరం! నిర్గమకాండము 20లోని మాట చూపించి వంశపు శాపాలు తెంచుతామని చెప్పి కానుకలు వసూలు చేసే కూడికలు మన ప్రాంతంలోనూ జరుగుతున్నాయి. ఆ వచనం విగ్రహాలకు మొక్కి దేవుని ద్వేషించేవారిని గూర్చినది. దారంలో తెగిన పోగును గూర్చినది కాదు.

ఆ తల్లికి నేను ఇదే చెప్పాను. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే పిల్ల పెండ్లి?" అన్నది.

ఇది చిన్న ప్రశ్న కాదు. పరీక్షలో లోపం ఉన్నదని తేలితే సంబంధాలు రావని మనవారి భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. కాని దాచినందువల్ల జన్యువు మారదు. తల్లి లోపం ఏదో తెలిస్తే కూతురికి ఆ ఒక్కదాని కోసమే వెదకవచ్చు గనుక ఖర్చు తక్కువ. లోపం ఉన్నదని ముందే తెలిసిన యువతికి ఇరవై ఐదు ముప్పై ఏళ్ళ నుండే క్రమంగా పరీక్షలు చేస్తారు. పిల్లలు పుట్టాక, లోపం ఏ రకమో చూసి, ముప్పై ఐదు నుండి నలభై ఐదు ఏళ్ళ మధ్య అండాశయాలు తీసివేయించుకోమని సలహా ఇస్తారు. చేయించుకోవాలా వద్దా అన్నది పెద్దయిన ఆ పిల్ల తనకు తాను నిర్ణయించుకోవలసినది. తండ్రి గాని, పెండ్లివారు గాని, పాస్టరు గాని నిర్ణయించేది కాదు. సంఘాలలో ఇలాంటి సంగతి తెలిసినప్పుడు ప్రార్థన మనవి పేరుతో అందరి ముందూ చదవకండి. ఎన్నో ఇళ్ళలో దాపరికానికి కారణం మన నోరే.

ప్రార్థన చాలదా, మందులెందుకు అని అడిగేవారు ఆసా రాజును చూపిస్తారు. పాదములలో జబ్బు చేసినప్పుడు ఆయన దేవుని వెదకక వైద్యులను వెదకినాడని 2 దినవృత్తాంతములు 16లో ఉన్నమాట నిజమే. ఆ అధ్యాయం మొదటినుండి చదవండి. దేవుని మందిరపు వెండి బంగారాలు సిరియా రాజుకు పంపినవాడు, గద్దించిన దీర్ఘదర్శిని బందీగృహంలో వేయించినవాడు అతడు. దేవుణ్ణి విడిచిపెట్టడం అతని తప్పు. హిజ్కియాకు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానని చెప్పిన దేవుని ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టమన్నాడు. వాగ్దానమూ ఉన్నది, మందూ ఉన్నది. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా.

వేలూరు ఆస్పత్రి ఎలా మొదలైందో చాలామందికి తెలుసు. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు పురుడు రాక చనిపోయారు. మగ డాక్టరును లోపలికి రానివ్వలేదు. అప్పుడు యువతిగా ఉన్న అయిడా స్కడ్డర్ అది చూసి వైద్యం చదివి వచ్చి 1900లో ఒకే ఒక్క మంచంతో పని ఆరంభించింది. నూరేళ్ళు దాటినా మన స్త్రీలు రొమ్ములో గడ్డ తగిలితే నెలల తరబడి భర్తకైనా చెప్పడం లేదు. అండాశయపు జబ్బయితే కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, మాటిమాటికి మూత్రం రావడంతో మొదలవుతుంది. గ్యాసు అని సోడాతాగి ఊరుకుంటారు. రెండు మూడు వారాలు అలా ఉంటే ప్రభుత్వ ఆస్పత్రికైనా వెళ్ళి స్కానింగు చేయించండి. స్త్రీల సమాజంవారు ఈ సంగతి తమ కూడికలో మాట్లాడితే అది పాస్టరు మాట్లాడిన దానికంటె బాగా చెవికెక్కుతుంది.

ఒకసారి ఆపరేషను అయినవారు కాగితాలు పారవేయవద్దు. గడ్డలోంచి తీసిన ముక్కను మైనంలో పోసి ఆస్పత్రిలో భద్రం చేస్తారు. ఈ మాత్రలు పనిచేస్తాయో లేదో తేల్చే పరీక్షలు కొన్ని ఆ ముక్క మీదనే చేస్తారు. ఆ నంబరున్న రిపోర్టు పోతే వెదకడం కష్టం.

మన ఇళ్ళలో కుటుంబ బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు, ప్రభువునందు నిద్రించిన తేదీలు వ్రాసే అలవాటు ఉన్నది. ఆ తేదీల పక్కన ఏ జబ్బుతో, ఏ వయసులో అన్నది కూడా వ్రాసి ఉంచండి. అమ్మ వైపు, నాన్న వైపు రెండూ వ్రాయండి. డాక్టరు అడిగినప్పుడు ఆ పేజీ చూసి చెప్పవచ్చు.